అర దెబ్బ ముందుగా

నేను ఒక కొలిచే పెట్టెను. బియ్యం, పాలు, జ్వరం ఇవేవీ నా పని కాదు. మనిషి మాట ఇంటర్నెట్ మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళేటప్పుడు దారిలో ఎంత ఆలస్యమైందో కొలుస్తాను. అగ్గిపెట్టెలు నాలుగు పక్కపక్కన పేర్చినంత ఉంటాను. ఒంటిమీద రెండు పచ్చదీపాలు, వెనక తీగ గుచ్చడానికి ఒక రంధ్రం, అంతే నా అందం.

నాకొక కవల ఉంది. ఒకరు ఇక్కడా ఒకరు అక్కడా ఉంటే తప్ప మా పని సాగదు. నేనొక చిన్న పొట్లం కట్టి దానికి పంపుతాను. అది అందుకున్న వెంటనే నాకే తిప్పి పంపుతుంది. మనుషుల మాట కూడా ఇంటర్నెట్ మీద ఇలాంటి పొట్లాలుగానే తెగి వెళుతుంది కనక, నా పొట్లం దారిలో పడిన పాట్లే వాళ్ళ మాటా పడుతుంది. వెళ్ళింది ఎంతసేపట్లో తిరిగొచ్చింది, వచ్చేవి ఒక వరసలో వస్తున్నాయా లేక కాసేపు ఆగి గుంపుగా వచ్చి పడుతున్నాయా, దారిలో ఎన్ని పోయాయి. నా చదువంతా ఇంతే.

హైదరాబాదు చర్లపల్లిలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నాకు టంకం పెట్టినావిడ పక్కావిడతో తన కోడలి సంగతి చెబుతూనే పెట్టింది. కోడలి మీద ఆవిడకి ఎంత కోపమున్నా చెయ్యి మాత్రం తొణకలేదు. అందుకే నేనింకా బతికి ఉన్నాననుకుంటాను.

అక్కడి నుంచి మమ్మల్నిద్దరినీ ఒక కాల్ సెంటర్ కొనుక్కుంది. మనుషుల వింత మొదటిసారి అక్కడే చూశాను. నెట్ అనగానే వాళ్ళడిగేది ఒకటే, స్పీడెంత అని. పెళ్ళిపంక్తిలో కూర్చుని గుండిగ ఎంత పెద్దదని అడిగినట్టుంటుంది. గుండిగ పెద్దదైతే సంతోషమే. కాని వడ్డించేవాడు ఎంతకీ రాకుండా, వచ్చినప్పుడు మూడు గరిటెల సాంబారు ఒక్కసారే కుమ్మరించి పోతే తినేవాడి సంగతేమిటి? సినిమా చూసేవాళ్ళకి ఫరవాలేదు, వాళ్ళు ముందే కాస్త ఆకులో పోయించుకుని కూర్చుంటారు. ఎదురెదురుగా మాట్లాడుకునేవాళ్ళకి మాత్రం ప్రతి గరిటా వేళకి పడాలి.

ఆ కాల్ సెంటర్లో హైమ అనే అమ్మాయి ఉండేది. అవతలివాళ్ళ మాట అయిపోయిందనుకుని తను మొదలుపెట్టేది. అవతల మాట ఇంకా వస్తూనే ఉండేది. ఆమె సీటుకొచ్చే లైను అలాంటిది. హైమకి మాటల మధ్యలో దూరే అలవాటుందని, జవాబు చెప్పడానికి తటపటాయిస్తుందని పైవాళ్ళు తేల్చి, మర్యాదగా మాట్లాడటం నేర్పే క్లాసుకి పంపించారు. నా అంకెలు రిపోర్టులో ఆఖరి పేజీలో ఉండేవి, అక్కడి దాకా ఎవరూ వెళ్ళేవారు కాదు. నన్ను చూసుకునే ఉద్యోగి జలజ ఒక్కతే వెళ్ళింది. వెళ్ళి, హైమ సీటుని ఇంకో లైనుకి మార్చింది. ఆ రోజు నుంచే హైమకి మర్యాద వచ్చేసింది. పేరు మాత్రం క్లాసు చెప్పినాయనకి దక్కింది.

తరవాత కంపెనీవాళ్ళకి మా పని చేసే సాఫ్ట్‌వేర్ దొరికింది. మమ్మల్ని పాత కీబోర్డులతో పాటు లిఫ్టు పక్కన కుప్పగా పోశారు. జలజ అడిగి పుచ్చుకుని, చెప్పుల డబ్బాలో పెట్టి, విశాఖపట్నంలో తన ఫ్లాటుకి తెచ్చింది. ఆమె భర్త ఫణీంద్ర ఆ డబ్బాని అటక మీదకి తోశాడు. ఇక నా కథ అయిపోయిందనే అనుకున్నాను. మళ్ళీ కిందికి దించింది జలజ తల్లి భ్రమరాంబగారి పాట.

భ్రమరాంబగారిది తణుకు. డెబ్బై దాటిన మనిషి. అక్కడ ఆడవాళ్ళ భజన గోష్ఠి ఒకటుంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఒకరింట్లో చేరి, దీపం చుట్టూ కూర్చుని కీర్తనలు పాడతారు. ఆ గోష్ఠికి ఒక ఆచారముంది. ఇత్తడి చేతితాళాలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పెద్ద. పాట ఎత్తుకోవడం, నడక నిర్ణయించడం, ఆపడం అన్నీ ఆవిడే. కార్తీకంలో చివరి శుక్రవారం నాడు తాళాలు తెచ్చి దీపం ముందు పెట్టేస్తారు. అందరూ కలిసి ఎవరి చేతికిస్తే ఆ ఏడాదికి వాళ్ళు పెద్ద. జలజ లంగాలు కట్టే రోజుల నుంచీ ఆ తాళాలు భ్రమరాంబగారి చేతికే వస్తున్నాయి.

ఆ వేసవిలో ఆవిడ పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి, ఈ సంవత్సరం ప్రయాణం మాటెత్తవద్దన్నారు. జలజ తల్లిని విశాఖ తెచ్చుకుంది. ఆవిడ బట్టల కంటే ముందు తాళాలు సంచీలో పెట్టుకుంది. శుక్రవారాలు పోకుండా జలజ ఒక ఏర్పాటు చేసింది. మంచం పక్కన స్టూలు మీద టాబ్లెట్ పెట్టి, తణుకులో రత్నమాణిక్యం ఇంటికి వీడియో కాల్ కలిపింది. రత్నమాణిక్యం గోష్ఠిలో భ్రమరాంబగారి తరవాతి మనిషి. ఆవిడ దగ్గరే పాట నేర్చుకుంది.

మొదటివారం ఒకరినొకరు చూసుకుని ఏడవడంతోనే సరిపోయింది. రెండోవారం పాడారు. ఏ పాటా కుదరలేదు. ఇక్కడి గొంతు కోసం వాళ్ళు ఆగడం, అక్కడి గొంతుల కోసం ఈవిడ ఆగడం. ఒకరి కోసం ఒకరు ఆగి ఆగి, పరుగెత్తవలసిన కీర్తన నీళ్ళలో నానిన అప్పడంలా సాగిపోయింది. దానికి తోడు ఇక్కడ భ్రమరాంబగారి తాళాలు, అక్కడ రత్నమాణిక్యం చిడతలు. రెండూ ఒక్కసారి కూడా కలవలేదు.

"పిన్నిగారూ, కాస్త అందుకోండి," అంది రత్నమాణిక్యం.

"నేను అందుకునే ఉన్నాను. మీరే సాగదీస్తున్నారు."

"ఇంతమందిమీ సాగదీస్తున్నాం, మీరొక్కరే సరిగ్గా ఉన్నారంటారా?"

వెనక నుంచి ఎవరిదో గొంతు వినబడింది. "ఆవిడ తాళం తప్పినా తప్పు మనదేలే, ఎప్పుడూ ఉన్నదే." కొందరు నవ్వారు. ఆ నవ్వు కూడా కాస్త ఆలస్యంగానే వచ్చింది.

ఇలా కొన్ని శుక్రవారాలు గడిచాక రత్నమాణిక్యం విడిగా ఫోన్ చేసింది. ఎంతో మర్యాదగా మాట్లాడింది. "మీరు శ్రమ పడకండి పిన్నిగారూ. మధ్యలో పాటలు మేం లాగించేస్తాం. చివర్న మంగళహారతి మాత్రం మీ గొంతుతోనే అవ్వాలి." ఇంకాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి, పెట్టేయబోతూ అంది, "ఎవరైనా ఇటొస్తుంటే ఆ తాళాలు పంపించండి. కార్తీకం దగ్గర పడుతోంది కదా. చిడతలతో ఏం బాగుంటుంది?"

భ్రమరాంబగారు "అలాగేనమ్మా" అని ఫోను పెట్టేసి గోడవైపు తిరిగి పడుకుంది. మంగళహారతి అంటే అందరూ లేచి నిలబడి, సగం మంది చెప్పులు వెతుక్కుంటూ పాడేది.

ఆ తరవాతే ఆవిడకి భయం పట్టుకుంది. పక్కగదిలో అల్లుడు ఫణీంద్ర గొంతు తగ్గించి, "అత్తయ్యగారిని ఒకసారి జ్ఞాపకశక్తి డాక్టరుకి చూపిద్దామా?" అనడం కూడా విన్నది. గొంతు తగ్గించడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. పగలు ఎవరూ లేనప్పుడు మంచం కోడు మీద వేళ్ళతో తాళం వేస్తూ, గోడగడియారం టిక్కుటిక్కుతో సరిచూసుకునేది. ఒక్క దెబ్బ తప్పేది కాదు. శుక్రవారం రాగానే మళ్ళీ తప్పేది.

"ఒక్కదాన్నే ఉంటే తాళం ఉంటోంది. నలుగురిలో పడితే పోతోంది. ఇదేం రోగమే జలజా?" అని అడిగింది ఒకరోజు, జలజ జడ అల్లుతుంటే.

జలజ చేతిలో పాయలు అలాగే ఆగిపోయాయి. "అమ్మా, మా ఆఫీసులో హైమ అని ఒకమ్మాయి ఉండేది," అంది. ఆ మాట అంటూనే లేచి, స్టూలు వేసుకుని అటక ఎక్కింది.

మా కవల బస్సు పార్సిల్లో తణుకు వెళ్ళింది. అందగానే రత్నమాణిక్యం ఫోన్ చేసి, "చేరిందమ్మా. దీన్లో బిళ్ళ ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది. దోమలమందు పెట్టె అనుకుంది. జలజ నవ్వాపుకుని, వైఫై పెట్టెకి తీగ ఎలా తగిలించాలో చెప్పింది. కొంచెంసేపటికి నా పొట్లాలకి జవాబులు రావడం మొదలైంది. ఎన్నాళ్ళ తరవాతో. చెప్పుల డబ్బాలో పక్కపక్కనే పడుకున్నప్పుడు మాకు ఒకరి ఉనికి ఒకరికి తెలియలేదు. దూరమయ్యాకే తెలిసింది.

ఆ శుక్రవారం పాట సాగినంతసేపూ నేను కొలిచాను. అయిపోయాక జలజ తల్లికి ల్యాప్‌టాప్‌లో నా గీత చూపించింది.

"ఇదేమిటే, దొండపాదులా పాకింది?"

"నీ మాట తణుకు వెళ్ళి తిరిగొచ్చే దారమ్మా ఇది. గీత పైకెళ్ళిన చోటల్లా ఆలస్యం ఎక్కువైనట్టు. ఇదిగో, ఇవాళ మళ్ళీ రత్నమాణిక్యంగారు నిన్ను అందుకోమన్నది ఇక్కడే."

"అంటే తప్పు నాది కాదా?"

"నీది కాదు. వాళ్ళదీ కాదు."

భ్రమరాంబగారు కళ్ళు తుడుచుకుంటుందని జలజ అనుకున్నట్టుంది, తువ్వాలు కూడా అందించింది. ఆవిడ తువ్వాలు పక్కన పెట్టి గీత మీదకి వంగింది. వేలు పెట్టి దాని వెంట నడిచింది. పెసలలో రాళ్ళు ఏరేటప్పటి చూపు.

"ఎంత ఆలస్యం?"

"మాటని ఫోన్లు తమ దగ్గర కాసేపు ఆపుకునేది కూడా కలిపితే, వెళ్ళి రావడానికి అర సెకను. ఒక్కోసారి సెకను దాటిపోతోంది."

ఆవిడ మంచం కోడు మీద తాళం వేసి చూసుకుంది. "నా నడకలో అర దెబ్బ. ఎప్పుడూ అంతే ఎందుకు ఉండదు?"

"అదేమ్మా చిక్కు. పూర్తిగా పోగొట్టడం ఎవరి వల్లా కాదు."

"పోగొట్టమని ఎవరన్నారే? నిలబెట్టు. ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు, ఎప్పుడూ ఒక్కలాగే ఉండాలి."

నేను పుట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరు ఈ మాట అంటారని ఎదురుచూశాను. స్పీడెంత అని అడగని మనిషిని అదే మొదటిసారి చూడటం.

ఇక జలజకి పట్టుదల వచ్చింది. గీత ఎప్పుడెప్పుడు లేస్తోందో చూస్తూ ఇల్లంతా తిరిగింది. ఫ్రిజ్జు కాదు, వాషింగ్ మెషిన్ కాదు. చివరికి బాల్కనీలోకి వెళ్ళి నిలబడింది. కింద ఆవరణలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి కోసం వాళ్ళు పరుగెత్తినప్పుడల్లా లోపల నా గీత లేస్తోంది. ఫణీంద్ర తన కొత్త కారు కోసం ఆవరణలో, మెట్ల మీద, గేటు దగ్గర కెమెరాలు పెట్టించాడు. ఏది కదిలినా అవి బొమ్మలు తీసి ఈ ఇంటి నెట్ మీదే ఎక్కడికో పంపుతుంటాయి. ఆ బొమ్మలన్నీ పెళ్ళివారి సామానులా బస్సెక్కుతుంటే, వెనక భ్రమరాంబగారి మాట చేతిసంచీతో ఒంటి ప్రయాణికురాలిలా నిలబడిపోతోంది. శుక్రవారం సాయంత్రమే పిల్లలకి ట్యూషన్ ఉండదు. అందుకని శుక్రవారమే ఆట, శుక్రవారమే గోష్ఠి.

"ఏమండీ, పాట అయ్యేదాకా కెమెరాలు ఆపుతాను," అంది జలజ.

"సరిగ్గా అప్పుడే కారు మీద బంతి పడుతుంది."

"పడే బంతిని కెమెరా పట్టుకుంటుందా?"

"ఎవడు కొట్టాడో తెలుస్తుందిగా."

"బాల్కనీలో కుర్చీ వేస్తాను. కూర్చుని మీరే చూడండి. కాఫీ ఇస్తాను."

"రెండు కాఫీలు," అన్నాడు ఫణీంద్ర. అలా మొదటిసారి ఆ ఇంట్లో కెమెరాల పని ఒక మనిషి చేశాడు.

గీత దిగింది. పూర్తిగా కిందికి రాలేదు, అర దెబ్బ దగ్గర ఆగి, సాపుగా సాగింది. దీపం కదలకుండా వెలిగినట్టుంది. అది చూసి భ్రమరాంబగారు కార్తీకం చివరి శుక్రవారానికి ముందురోజు రత్నమాణిక్యానికి ఫోన్ చేయించింది.

"అమ్మాయ్, ఒక పని చెయ్యి. చిడతలు తీసుకుని ఊరికే తాళం వేస్తూ కూర్చో. నా కోసం ఆగకు, నా కోసం పరుగెత్తకు. నేను పాడతాను. నీ దెబ్బ మీద పడుతున్నానో లేదో చెబుతూ ఉండు."

"ఇప్పుడెందుకండీ ఇదంతా? హారతి సంగతి అనుకున్నాం కదా."

"నాకు తెలుసుకోవాలని ఉందే. చెప్పు."

తన తాళాలని ఆవిడ దిండు కిందికి తోసేసింది. చిడతల చప్పుడు వింటూ, దానికంటే ముందుగా పాట ఎత్తుకుంది. తణుకు నుంచి చప్పుడు రావడానికి పట్టే వేళా, తన గొంతు వెళ్ళడానికి పట్టే వేళా రెండూ మింగేయాలి. అందుకని చెవికి వినబడే దెబ్బ మీద కాక, అర దెబ్బ ముందు పాడాలి.

"ఇంకా వెనకే ఉన్నారండి," అంది రత్నమాణిక్యం. "ఇంకొంచెం. అబ్బే, ఇప్పుడు మరీ ముందుకొచ్చేశారు." తంబుర తీగ బిగించినట్టు చాలాసేపు సాగింది ఈ వ్యవహారం. మధ్యలో భ్రమరాంబగారి గొంతు రెండుసార్లు జారి వెనక్కి, చిడతల మీదకి వచ్చి పడింది. ఎన్నో ఏళ్ళుగా దెబ్బ మీద పాడిన గొంతు మరి, వినబడే దెబ్బ దాన్ని లాగేస్తుంది. మూడోసారి ఆవిడ కళ్ళు మూసుకుని పాడింది. అవతల రత్నమాణిక్యం సరిదిద్దడం మానేసి చిడతలు వేస్తూనే ఉంది.

"పిన్నిగారూ, ఇది అతీతం కాదుటండీ?" అంది రత్నమాణిక్యం చివరికి. "తాళం కంటే పాట ముందు ఎత్తుకోవడం. మీరు నాకు చెప్పినప్పుడు రాక ఏడ్చాను."

"ఏడ్చి, కాఫీ తాగి, మళ్ళీ ఏడ్చావు. ఇప్పుడు దెబ్బ మీద పడుతోందా లేదా?"

"పడుతోందండి."

మర్నాడు సాయంత్రం ఫణీంద్ర కాఫీగ్లాసుతో బాల్కనీలో కూర్చున్నాడు. తణుకులో దీపం వెలిగించారు. ఆడవాళ్ళందరూ చుట్టూ కూర్చున్నారు. మంగళహారతి దాకా ఊరుకుంటుందనుకున్న పిన్నిగారు మొదటి కీర్తనకే గొంతెత్తింది.

నేను ఆ గదిలో ఉన్నాను కనక చెబుతున్నాను, ఆ గదిలో ఆ పాట వినలేకపోయాం. టాబ్లెట్లోంచి చిడతలు ఒక దారి, ఆవిడ పాట ఒక దారి. వాళ్ళ గొంతులు ఆవిడ వెనక ఈడ్చుకుంటూ వస్తున్నాయి. సంగీతం రాని ఫణీంద్రకి కూడా తేడా తెలిసిపోయింది. గ్లాసు పట్టుకుని లోపలికొచ్చి, జలజ వైపు చూసి, ఇక లాభం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. జలజ నా గీత వైపు చూస్తోంది. సాపుగానే ఉంది. కాని నా గీత దారి ఎలా ఉందో చెబుతుంది తప్ప, పాట అక్కడ ఎలా చేరిందో చెప్పదు. భ్రమరాంబగారు దుప్పటి అంచు పిడికిట్లో బిగించి పట్టుకుంది. తన చెవికి ప్రతి దెబ్బకీ తప్పుగా వినబడుతున్న పాటని, వెనక్కి జారకుండా చివరి చరణం దాకా పాడింది.

పాట అయిపోయింది. టాబ్లెట్లో ఎవరూ మాట్లాడలేదు. ఈసారి ఆలస్యం దారిది కాదని నాకు తెలుసు, నా పొట్లాలు వేళకే వస్తున్నాయి. ఆ మౌనం మనుషులదే.

"ఆవిడ గుమ్మం పక్కన కూర్చుని పాడినట్టుందే," అంది వెనక నుంచి ఆ గొంతు, ఇదివరకు నవ్వించిన గొంతే.

రత్నమాణిక్యం ముందుకి జరిగింది. "పిన్నిగారూ, ప్రతి దెబ్బా చిడత మీదే పడింది," అంది. తరవాత మిగిలిన వాళ్ళవైపు తిరిగి ఏదో మాట్లాడి, మళ్ళీ ఇటు తిరిగింది. "తాళాలు పంపక్కర్లేదండి. ఈ ఏడూ మీ దగ్గరే ఉండనివ్వమంటున్నారు అందరూ."

ఫణీంద్ర గ్లాసు కింద పెట్టాడు. జలజ ఏడ్చేసింది, గీత చూపించిన రోజు తల్లికిచ్చిన తువ్వాలు ఇప్పుడు తనకే పనికొచ్చింది. భ్రమరాంబగారు దిండు కింద చెయ్యి పెట్టి తాళాలు బయటికి తీసింది. అరిగి నున్నబడిన అంచుల్ని బొటనవేలితో రాసింది.

"వద్దే," అంది. "తాళం ఒక్కచోటే ఉండాలి, దీపం ఉన్నచోట. నేనిక్కడ ఇంకోటి వాయిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పుచ్చుకో. పాట మాత్రం నేనే ఎత్తుకుంటాను, ఏమంటావు?"

"మీరెత్తుకోకపోతే మాకు చేతకాదండి."

"అబద్ధాలాడకు. హారతి దాకా ఊరుకోమన్నదానివి."

అటువైపు అందరూ నవ్వారు, రత్నమాణిక్యం కూడా.

తాళాలు జాకెట్టు గుడ్డలో చుట్టి, మా కవల వెళ్ళిన బస్సులోనే పంపించారు. నన్ను తిరిగి అటకెక్కించలేదు. భ్రమరాంబగారి మంచం పక్క అలమరలో శ్రుతిపెట్టె పక్కన నాకు చోటిచ్చారు. అది ఎప్పుడూ ఒకే స్వరం పలుకుతూ ఉంటుంది, నేను ఎప్పుడూ ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటాను. మా ఇద్దరికీ బాగానే కుదిరింది. డాక్టరు మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఫణీంద్ర మాత్రం శుక్రవారం సాయంత్రం కుర్చీ బాల్కనీలో వేయమని తనే అడుగుతున్నాడు. కింద పిల్లల స్కోరు కూడా చెబుతున్నాడు.

ఆ తరవాతి శుక్రవారం తణుకులో రత్నమాణిక్యం ఇత్తడి తాళాలు చేతిలోకి తీసుకుని కెమెరాకి చూపించింది. భ్రమరాంబగారు తలూపి, కళ్ళు మూసుకుంది. నా పొట్లం ఒకటి వెళ్ళి, ఎప్పటిలాగే కొంచెం ఆలస్యంగా, ఎప్పటి వేళకే తిరిగొచ్చింది. అక్కడ తాళాలు పలకడం మొదలుపెట్టాయి. ఆవిడ కొన్ని దెబ్బలు వింది. తరవాతి మోత ఇక్కడికి చేరకముందే పాట ఎత్తుకుంది.